ఊరికే వచ్చిన గుర్రానికి పళ్ళు చూడవచ్చా?

అనువాదం చేసేవారికి కొన్ని వాక్యాలు చేపముల్లులా గొంతుకు అడ్డం పడతాయి. మింగలేం, కక్కలేం. అలాంటి వాక్యం ఒకటి నాకు ఏడాదికి ఒకసారైనా తగులుతుంది. ఈమధ్య ఒక ఇంగ్లీషు సీరియల్‌కు తెలుగు సంభాషణలు రాస్తుంటే మళ్ళీ తగిలింది. కథలో ఒక కుర్రాడికి మేనత్త తన పాత కారును ఊరికే ఇచ్చేస్తుంది. రంగు వెలిసిపోయిందనీ, ఏసీ పనిచేయడం లేదనీ వాడు సణుగుతుంటాడు. స్నేహితుడు భుజం తట్టి 'డోంట్ లుక్ ఎ గిఫ్ట్ హార్స్ ఇన్ ద మౌత్' అంటాడు.

ఉన్నదున్నట్టు దించితే 'కానుకగా వచ్చిన గుర్రం నోట్లోకి చూడకు' అవుతుంది. వ్యాకరణానికి ఢోకా లేదు, అర్థమే లేదు. కారు గురించి మాట్లాడుతుంటే గుర్రం ఎక్కడి నుంచి ఊడిపడింది? పోనీ వచ్చిందే అనుకుందాం. దాని నోట్లోకి తొంగి చూడాల్సిన అవసరం ఎవరికి వస్తుంది?

ఈ రెండో ప్రశ్న పట్నంలో పుట్టి పెరిగినవారికే వస్తుంది. సంతలో ఎడ్లు కొన్న రైతుకు రాదు. నమ్మకం లేకపోతే బండలాగుడు పోటీలు జరిగే ఊళ్ళో ఒక పూట నిలబడి మైకు వినండి. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని వరసగా చదువుతారు. కుస్తీలో బరువును బట్టి జోడీలు కట్టినట్టు ఇక్కడ నోటిని బట్టి కడతారు. గిత్తకు పుట్టిన తేదీ పత్రం ఉండదు. యజమాని ఒట్టేసి చెప్పినా పక్క ఊరివాడు నమ్మడు. అందుకే అనుభవం ఉన్న పెద్దమనిషి ఒకరు ముందుకు వచ్చి, ఒక చేత్తో ముకుతాడు దగ్గర ఒడిసి పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో కింది పెదవిని కిందికి లాగుతాడు. గిత్త తల విదిలిస్తుంది, చొల్లు చేతి మీద కారుతుంది. ఆ రెప్పపాటులోనే ఆయనకు కావలసింది కనిపిస్తుంది. మధ్యలో పలకల్లాంటి రెండు వెడల్పాటి పళ్ళు, వాటికి అటూ ఇటూ చిక్కుడు గింజల్లా పాలపళ్ళు. 'రెండు పళ్ళే' అంటాడు. ఇక వాదన లేదు.

పశువుకు పై దవడ ముందు భాగంలో పళ్ళుండవు, గట్టి చిగురే ఉంటుంది. కింద మాత్రం ఎనిమిది. సుమారు రెండేళ్ళ వయసులో మధ్య పాలపళ్ళ జత ఊడి అసలు పళ్ళు వస్తాయి. తరవాత నాలుగు, ఆరు అవుతూ నాలుగైదేళ్ళు నిండేసరికి ఎనిమిదీ మారిపోతాయి. మారడం పూర్తయ్యాక వయసు చెప్పడం కష్టం. అప్పుడు అరుగుదలను చూసి అంచనా వేయాలి, లేదా అమ్మేవాడి మాట నమ్మాలి. సంతలో రెండోదాన్ని అంత త్వరగా ఎవరూ ఎంచుకోరు.

గుర్రం నోరు ఎద్దు నోటికన్నా ఎక్కువే చెబుతుంది. దానికి ముందు పళ్ళు పైన ఆరు, కింద ఆరు. రెండున్నరేళ్ళకు నడిమి జతలు మారతాయి, మూడున్నరకు వాటి పక్కవి, నాలుగున్నరకు చివరివి. అయిదేళ్ళకు నోరు నిండుతుంది. ఎద్దు దగ్గర ఆగిపోయిన లెక్క గుర్రం దగ్గర అక్కడి నుంచే ఆసక్తికరంగా సాగుతుంది. కొత్త పంటి పైతలంలో చిన్న గుంట ఉంటుంది. మేత మరక పట్టి అది నల్లగా కనిపిస్తుంది. నమిలి నమిలి పన్ను అరిగేకొద్దీ గుంట లోతు తగ్గి చివరికి మాయమవుతుంది. కింది దవడలో నడిమి పళ్ళ గుంటలు ఆరేళ్ళకు, పక్కవాటివి ఏడుకు, చివరివాటివి ఎనిమిదికి కాస్త అటూ ఇటుగా చెరిగిపోతాయి. పదేళ్ళు వచ్చేసరికి పై దవడ చివరి పంటి మీద, చిగురు అంచున ఒక నిలువు గాడి మొదలవుతుంది. పదిహేనేళ్ళకు అది పంటి సగం దాకా దిగుతుంది, ఇరవై ఏళ్ళకు కొస దాకా. ఆ తరవాత వచ్చిన దారినే పైనుంచి చెరిగిపోతూ ముప్ఫై ఏళ్ళకు ఉండదు. 19వ శతాబ్దపు గుర్రాల శిక్షకుడు సిడ్నీ గాల్వేన్ పేరు మీద దాన్ని గాల్వేన్ గాడి అంటారు.

ఇంత లెక్క ఎలా సాధ్యం? మన పళ్ళు ఒకసారి వచ్చాక అంతే. గుర్రం పళ్ళు అలా కాదు. గడ్డిలో ఇసుక రేణువులతో కలిపి రోజంతా నమలాలి కాబట్టి పన్ను ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్లు అరుగుతుంది. అరిగినంత మేరా దవడ లోపల దాచిన పన్ను మెల్లగా పైకి వస్తుంటుంది. అంటే ఏ ఏడు చూసినా మన కంటికి కనిపించేది అదే పంటిలో వేరే అంతస్తు. అంతస్తు మారేకొద్దీ ఆకారం మారుతుంది. కోలగా ఉన్న పైతలం గుండ్రమై, తరవాత ముక్కోణానికి తిరుగుతుంది. వయసులో నిట్టనిలువుగా కలుసుకున్న పై పళ్ళూ కింది పళ్ళూ ముసలితనంలో ముందుకు వాలి కోసుగా కలుస్తాయి. ఇది గడియారమంత కచ్చితం కాదు. పదేళ్ళు దాటాక అనుభవజ్ఞుడు కూడా రెండు మూడేళ్ళు తప్పు చెబుతాడు. ఇసుక నేలల్లో మేసిన గుర్రం నోరు దాని ఈడుకన్నా పెద్దదిగా కనిపిస్తుంది. అయినా బేరానికి ఆ అంచనా చాలు.

నోరు తెరవడానికి కూడా ఒక ఒడుపు ఉంది. గుర్రం నోట్లో ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య నాలుగు వేళ్ళు పట్టేంత ఖాళీ ఉంటుంది. కళ్ళెం ఇనుము కూర్చునేది ఆ ఖాళీలోనే. తెలిసినవాడు గుర్రం పక్కన నిలబడి, పెదవుల మూల నుంచి బొటనవేలిని అక్కడ దూర్చి మెల్లగా నొక్కుతాడు. కొరకడానికి అక్కడ పన్ను లేదు కాబట్టి వేలికి భయం లేదు, గుర్రమే నోరు తెరుస్తుంది. నాలుకను పట్టి పక్కకు లాగి వెలుతురు వైపు తిప్పితే అంతా కనిపిస్తుంది. ఈ చిన్న తతంగం గుర్తుంచుకోండి. సామెత బలమంతా అందులోనే ఉంది.

నోరు ఇంత చెబుతుందని తెలిసిన చోట దాన్ని అబద్ధం ఆడించేవాళ్ళూ ఉంటారు. ఇంగ్లండ్ గుర్రపు సంతల్లో దళారులు ముసలి గుర్రం పళ్ళ మీద గుంటలు తొలిచి, కాల్చిన ఇనుముతో నల్లబరిచేవారు. నెరిసిన జుట్టుకు రంగు వేయడం లాంటిదే. ఈ మోసానికి అక్కడ బిషపింగ్ అని ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. అయితే సహజమైన గుంట చుట్టూ పింగాణీ అంచు ఉంగరంలా కనిపిస్తుంది, తొలిచిన గుంటకు ఉండదు. గుంట తొలచగలరు గానీ వాలిన పన్నును నిలబెట్టలేరు. అందుకని కొనుగోలుదారు ఇంకా లోతుగా చూడటం నేర్చుకున్నాడు, అమ్మేవాడు ఇంకా నేర్పుగా తొలవడం నేర్చుకున్నాడు.

ఇప్పుడు సామెత దగ్గరికి వద్దాం. గుర్రం నోరు తెరవడం అంటే వెల కట్టడం. అది కొనేవాడి చేష్ట. 'నీ మాట నేను నమ్మను, నా కళ్ళతో చూసుకుంటాను, చూశాక ధర తగ్గిస్తాను' అని నోటితో చెప్పకుండా చేత్తో చెప్పడం. సంతలో అందులో తప్పేమీ లేదు, చూడనివాడే తెలివితక్కువవాడు. అదే పని గుర్రాన్ని కానుకగా ఇచ్చినవాడి ఎదుట చేస్తే? కళ్ళెం చేతికి అందించి ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉండగానే, నువ్వు బొటనవేలు దూర్చి నాలుక పక్కకు లాగావనుకోండి. ఆ క్షణంలో కానుక కాస్తా సరుకైపోయింది, ఇచ్చిన మనిషి దళారి అయిపోయాడు. సామెత వద్దంటున్నది ఆ బొటనవేలిని. వయసు తెలుసుకోవద్దని గానీ, కళ్ళు మూసుకోమని గానీ అది అనడం లేదు. ఇంగ్లీషు నేర్పే పుస్తకాలు చాలావరకు దీన్ని 'ఉచితంగా వచ్చినదాన్ని ప్రశ్నించకు' అని తేల్చేస్తాయి. నాకు అది సగం అర్థమే అనిపిస్తుంది. ప్రశ్న వేయడం తప్పు కాదు, ఇచ్చినవారి ముఖం మీద వెల కట్టడం తప్పు.

రాతలో ఈ సామెతకు దొరికే చాలా పాత ఆనవాలు కూడా ఆ అర్థాన్నే చూపిస్తుంది. 4వ శతాబ్దం చివర బెత్లెహేములో ఉంటూ బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన సెయింట్ జెరోమ్, ఎఫెసీయులకు పౌలు రాసిన పత్రికకు వ్యాఖ్యానం రాశాడు. ఆయన మహా పండితుడు, అంతే ముక్కోపి. తన రాతల్లో తప్పులు వెతికేవారికి ఆ వ్యాఖ్యానం ముందుమాటలో ఒక చురక వేశాడు. జనం అనుకునే సామెత చెప్పినట్టు, కానుకగా వచ్చిన గుర్రానికి పళ్ళు చూడకండి అని. నేను నా ఇష్టం కొద్దీ రాసి ఇచ్చాను, మీ దగ్గర వెల పుచ్చుకోలేదు, మరి ఈ పరీక్షలేమిటి అని ఆయన బాధ. పరలోక విషయాల మీద రాసిన పుస్తకంలో గుర్రపు సంత మాట దొర్లడం, అదీ విమర్శకుల మీద కసితో దొర్లడం నాకు భలే నచ్చుతుంది. రాసేవాళ్ళ బాధ పదహారు వందల ఏళ్ళుగా మారలేదు.

ఇందులో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. జెరోమ్ 'జనం అనుకునే సామెత' అంటున్నాడు. అంటే ఆయన పుట్టించింది కాదు, అప్పటికే నలుగురి నోళ్ళలో నానుతున్నది. ఆ నలుగురు ఎవరో మనకు తెలియదు. గుర్రాలు కొన్నవాళ్ళు, అమ్మినవాళ్ళు, మేపినవాళ్ళు అయి ఉంటారని మాత్రం ఊహించవచ్చు. పన్ను తీరు తెలియనివాడి నోట ఈ సామెత పుట్టదు. లాటిన్ మాటలో ఉన్నది పళ్ళే, నోరు కాదు.

ఇంగ్లీషులోకి ఇది బడి పిల్లల పలక మీదుగా వచ్చింది. 1510 ప్రాంతంలో జాన్ స్టాన్‌బ్రిడ్జ్ అనే బడిపంతులు లాటిన్ నేర్చుకునే పిల్లల కోసం వేసిన వాక్యాల పుస్తకంలో 'ఇచ్చిన గుర్రానికి పళ్ళు చూడరాదు' అని ఉంది. ఇక్కడా పళ్ళే. 1546లో జాన్ హేవుడ్ ఇంగ్లీషు సామెతలన్నిటినీ సంభాషణ రూపంలో గుచ్చి అచ్చు వేసినప్పుడు పళ్ళు పోయి నోరు వచ్చింది. 'ఇచ్చిన గుర్రం' అన్న మాట 'గిఫ్ట్ హార్స్' అనే జంటపదంగా మారడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. 1663లో శామ్యూల్ బట్లర్ తన వ్యంగ్య కావ్యం హ్యూడిబ్రాస్‌లో ఆ జంటపదం వాడాడు. ఈ రోజు మనం వింటున్న రూపానికి అది చాలా దగ్గర. వాక్యం కట్టిన తీరు కూడా ఆ పాత ఇంగ్లీషుదే. ఒకరిని సూటిగా కళ్ళలోకి చూడటం అనే అర్థంలో వాళ్ళు మనిషిని కర్మగా పెట్టి, తరవాత కన్ను ఎక్కడో చెబుతారు. గుర్రానికీ అదే కట్టు. నోటి 'లోపల' గుర్రాన్ని వెతుకుతున్నట్టు మన పిల్లలకు అనిపించేది అందుకే.

యూరప్ అంతటా దీనికి అక్కాచెల్లెళ్ళు ఉన్నాయి. ఇటాలియన్‌లో నోరు, స్పానిష్‌లోనూ రష్యన్‌లోనూ పళ్ళు. ఫ్రెంచివారు పళ్ళూ అంటారు, కళ్ళెమూ అంటారు. కానుక గుర్రానికి కళ్ళెం బాగుందా లేదా అని చూడకూడదట. జర్మన్‌లో ప్రాస కూడా కుదిరింది. గుర్రానికి గౌల్, నోటికి మౌల్. పైగా గౌల్ అనే మాటకు బక్కచిక్కిన గుర్రం అనే ఛాయ ఉంది. కానుకగా వచ్చేది ఎలాంటిదో వాళ్ళకు ముందే తెలుసన్నమాట.

ఇక్కడ ఒక చిక్కుముడి విప్పాలి. గుర్రం, కానుక అనగానే చాలామందికి ట్రాయ్ నగరం గుర్తొస్తుంది. గ్రీకులు వదిలి వెళ్ళిన కొయ్యగుర్రాన్ని ట్రాయ్‌వాళ్ళు సంబరంగా కోట లోపలికి లాక్కున్నారు. రాత్రి దాని కడుపులో నుంచి సైనికులు దిగారు. వాళ్ళే గనక నోట్లోకి చూసి ఉంటే బతికిపోయేవారు కదా, మరి చూడవద్దని సామెత ఎలా వచ్చింది అని అడుగుతుంటారు. చమత్కారం బాగుంది గానీ ఈ రెండింటికీ చుట్టరికం లేదు. ట్రాయ్ కథలో పళ్ళ మాట లేదు, వయసు మాట లేదు. రోమన్ కవి వర్జిల్ కావ్యంలో పూజారి లావోకూన్ 'గ్రీకులు కానుకలు తెచ్చినా నాకు భయమే' అని ఈటె విసిరేది గుర్రం పొట్ట మీదికి. బోలుగా శబ్దం వస్తుంది. ఆ కథ ఇచ్చేవాడి బుద్ధిని అనుమానించమంటుంది. ఈ సామెత ఇచ్చేవాడి మనసు నొప్పించవద్దంటుంది. రెండూ గుర్రాలే, కట్టేసిన కొట్టాలు వేరు. కంప్యూటర్‌లోకి దొంగచాటుగా దూరే ప్రోగ్రాములను ట్రోజన్ అంటున్నారంటే అది మొదటి కొట్టంలోది.

అదే నోటి నుంచి ఇంగ్లీషులో మరో రెండు నుడికారాలు వచ్చాయంటారు. ఒకటి నిజంగానే వచ్చింది. వయసు మీరినవారిని ఇంగ్లీషువాళ్ళు 'లాంగ్ ఇన్ ద టూత్' అంటారు, పన్ను పొడుగెక్కిందని. ముసలి గుర్రం పళ్ళు ముందుకు వాలి, చిగురు వెనక్కి జరిగి పొడవుగా కనిపించడమే దీనికి మూలం. కలకత్తాలో పుట్టిన నవలాకారుడు థాకరే 1852లో వచ్చిన హెన్రీ ఎస్మండ్‌లో ఒక నడివయసు దాటిన స్త్రీని ఈ మాటతో వర్ణించాడు. సన్నగా, పచ్చగా, పళ్ళు పొడుగెక్కి ఉందట. లండన్ అంగళ్ళలోని రంగులన్నీ పూసినా ఆమె అందగత్తె కాదట. నిర్దయగా ఉంది కదూ! మనవైపు వయసుకు గుర్తు జుట్టు. తలపండిన మనిషి అంటే ముందు గౌరవమే తోస్తుంది, పంచాయతీకి పిలవాలనిపిస్తుంది. పన్ను పొడుగెక్కిన మనిషి అంటే మాత్రం సంతలో అమ్ముడుపోని గుర్రమే కళ్ళ ముందు నిలుస్తుంది. ఏ అవయవాన్ని చూసి వయసు చెబుతామన్నదాన్ని బట్టి మర్యాద కూడా మారిపోతుంది.

రెండోది 'స్ట్రెయిట్ ఫ్రమ్ ద హార్సెస్ మౌత్'. నేరుగా అసలు మనిషి దగ్గరి నుంచే తెలిసిన కబురు అని అర్థం. అమ్మేవాడు అబద్ధం చెప్పినా గుర్రం నోరు నిజం చెబుతుంది కాబట్టి ఈ మాట పుట్టిందని చాలాచోట్ల రాస్తుంటారు. వినడానికి అతికినట్టే ఉంటుంది. కానీ ఈ నుడికారం వ్యాప్తిలోకి వచ్చింది 20వ శతాబ్దం మొదట్లో, అదీ పందేలరాయుళ్ళ నోట. రేసుల్లో ఏ గుర్రం గెలుస్తుందో చిట్కాలు అమ్మేవాళ్ళు ఉంటారు. ఒకడు జాకీ చెప్పాడంటాడు, ఇంకొకడు గుర్రాన్ని మాలిష్ చేసే కుర్రాడు చెప్పాడంటాడు. వాళ్ళందరినీ మించిపోవాలంటే గుర్రమే స్వయంగా చెవిలో చెప్పిందనాలి. అదీ దీని వెనక ఉన్న హాస్యం. పళ్ళ పరీక్షకు అలవాటుపడిన కళ్ళు ఎక్కడ గుర్రం నోరు కనిపించినా పళ్ళే చూస్తాయి. ఒక నోరు, రెండు వాడుకలు. ఒకచోట అది చూసే నోరు, ఇంకోచోట మాట్లాడే నోరు.

సరే, ఊరికే వచ్చిన గుర్రం నిజంగా ఊరికే వచ్చినట్టేనా? తెలుగువాళ్ళు దీనికి ఎప్పుడో జవాబు చెప్పి ఉంచారు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు. ఇరవై ఏళ్ళ ముసలి గుర్రమూ తింటుంది, ఆరేళ్ళ పడుచు గుర్రమూ తింటుంది. మొదటిది బండి లాగదు. కొట్టం, మేత, నాడాలు, వైద్యం అన్నీ పుచ్చుకున్నవాడి నెత్తిన పడతాయి. సయాం రాజులు గిట్టనివారికి తెల్ల ఏనుగును బహూకరించి మేపలేక కుదేలయ్యేట్టు చేసేవారని ఒక కథ ఉంది. కథ నిజమో కాదో గానీ ఆ మాట మాత్రం మన పత్రికల్లో స్థిరపడిపోయింది. నష్టాలు తెచ్చే ప్రాజెక్టు ఏదైనా తెల్ల ఏనుగే. ఏనుగు దిగుమతి అయింది గానీ గుర్రం పళ్ళు దిగుమతి కాలేదు. ఎందుకని ఆలోచిస్తే నాకు తట్టిన కారణం ఒకటే. మన పల్లెల్లో పళ్ళు చూసేది ఎద్దుకు. గుర్రం రాజులది, సర్దార్లది.

ఆ రాజుల్లో పళ్ళ మాట అటుంచి ప్రాణం ఉందో లేదో కూడా చూడకుండా గుర్రాలు కొన్నాయన ఒకరున్నారు. చంద్రగిరి నుంచి ఎదిగి 1485లో విజయనగర సింహాసనం ఎక్కిన సాళువ నరసింహరాయలు. పర్షియా, అరేబియా తీరాల రేవులైన హొర్ముజ్ నుంచి, ఏడెన్ నుంచి ఆయన గుర్రాలు తెప్పించుకున్న తీరును పోర్చుగీసు యాత్రికుడు ఫెర్నావ్ నూనిజ్ రాసిపెట్టాడు. నూనిజ్ స్వయంగా గుర్రాల వర్తకుడు కాబట్టి ధరల దగ్గర అతని కళ్ళు చురుకు. వర్తకులు అడిగినంత ఇచ్చేవారట. బతికున్నా చచ్చినా మూడు గుర్రాలకు వెయ్యి పర్దావులు, అంటే బంగారు నాణేలు. సముద్రం మీద చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానితో సమానంగా సొమ్ము ముట్టేదట. పిచ్చి ఔదార్యంలా కనిపిస్తుంది గానీ లెక్క ఉంది. ఈ నేల మీద మంచి గుర్రాలు పుట్టవు. శత్రువుకూ అవే ఓడలు గుర్రాలు తెస్తాయి. దారిలో చచ్చిన గుర్రం నష్టం వర్తకుడిది కాదని తెలిస్తే ఓడ మన రేవు వైపే తిరుగుతుంది. నోరు చూసి బేరమాడేవాడికి గుర్రం దొరుకుతుంది, తోక చూసి డబ్బిచ్చేవాడికి ఓడలే దొరుకుతాయి.

అంటే పళ్ళు చూడటం, చూడకపోవడం అన్నది ఎదుటివాడితో నీకున్న సంబంధాన్ని బట్టి తేలాల్సిన సంగతి. ఈ కాలంలో ఆ సంబంధమే కలగాపులగం అయిపోయింది. ఫోనులో ఒక యాప్ నెల రోజులు ఉచితం అంటుంది, కార్డు నంబరు మాత్రం ముందే అడుగుతుంది. ఒక చీర కొంటే ఇంకో చీర ఊరికే అంటారు. ఇవేవీ మేనత్త ఇచ్చిన కారు కావు. కానుక వేషం వేసుకున్న సరుకులు. నోరు తెరిస్తే నొచ్చుకునే మనసు అవతల లేదు, కాబట్టి బొటనవేలు దర్జాగా దూర్చవచ్చు. మేనత్త కారు సంగతి వేరు. దాని బ్రేకులు సరిగ్గా ఉన్నాయా లేదా మెకానిక్కుకు చూపించుకోవాల్సిందే, లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. కాకపోతే ఆవిడ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతుండగా బానెట్ ఎత్తకూడదు. వీధి మలుపు తిరిగాక ఎత్తవచ్చు.

మళ్ళీ నా ముల్లు దగ్గరికి వస్తాను. ఆ సంభాషణకు తెలుగులో ఏం పెట్టాలి? పొరుగు భాషలు ఈ గుర్రాన్ని ఎప్పుడో గోవుగా మార్చుకున్నాయి. దానంగా వచ్చిన పెయ్యదూడకు పళ్ళు లెక్కించరని హిందీలో అంటారు. దానమిచ్చిన పశువును పన్ను పట్టి చూడకని తమిళంలో అంటారు. ఆవు పళ్ళు చూసే దేశంలో అది సహజం. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారన్న గొడవ కూడా అక్కర్లేదు. నోటిని బట్టి వెల కట్టే చోటల్లా ఈ మాట తనంతట తానే మొలకెత్తగలదు. తెలుగులో నాకు ఇష్టమైనది వేరే ఉంది. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టు. పుణ్యం కోసం పుట్టెడు ధాన్యం కొలిచి పోస్తుంటే, ఈ కుంచం కొలత తక్కువది, సరైన కుంచంతో కొలువు అని పుచ్చుకునేవాడు తగువు పెట్టుకున్నాడట. గుర్రం లేదు, పన్ను లేదు. కానీ ఆ బొటనవేలు ఇక్కడా ఉంది. కొలపాత్ర మీద చెయ్యి వేయడం కొనేవాడి హక్కు, పుచ్చుకునేవాడిది కాదు. పైగా జర్మన్ ప్రాసను తలదన్నేట్టు 'ప'కారాలు వరస కట్టాయి.

ముచ్చటపడి అదే రాసి స్టూడియోకు తీసుకెళ్ళాను. గాత్రం ఇచ్చే అబ్బాయికి పాతికేళ్ళు ఉంటాయి. కాగితం చూసి ఆగిపోయాడు.

"పుట్టెడంటే ఎంతండీ?"

"ఇరవై తూములు. తూముకు నాలుగు కుంచాలు."

"కుంచమంటే రంగులు వేసేదా?"

"అది కుంచె. ఇది కొలపాత్ర."

అద్దం అవతల ఉన్న రికార్డింగు ఇంజనీరు నవ్వాపుకోలేక మైకు నొక్కి, అర్థం సంగతి తరవాత, ముందు పొడవు చూసుకోమన్నాడు. తెర మీద ఆ స్నేహితుడి పెదవులు కదిలేది ఎనిమిది అక్షరాలకు. నా సామెతకు పంతొమ్మిది. పుణ్యానికి పుట్టెడు పూర్తయ్యేసరికి అతను కారెక్కి డోరు వేసుకుంటున్నాడు. డబ్బింగులో మేం చూసేదీ చివరికి నోరే. రెండు మూడు సార్లు ప్రయత్నించి, కొట్టేసి, 'ఊరికే వస్తే వంకలా?' అని రాసిచ్చాను. పెదవులకు అతికింది. అబ్బాయి ఒకే టేకులో చెప్పేశాడు.

ఇంజనీరు మాత్రం ఇంగ్లీషు ట్రాక్ ఇంకోసారి వేసి విన్నాడు.

"గురువుగారూ, అతను గుర్రం అన్నాడు కదా. మనం గుర్రాన్ని ఎక్కడ వదిలేశాం?"